వేరు పొయ్యి

పోయిన వారం మోటారు తిరుగుతుండగా వదిలేసి వచ్చాం కదా, అది ఇంకా తిరుగుతూనే ఉంది.

ఆలస్యంగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. సూరత్ ఖటోదరాలో ఓంప్రకాష్ సేఠ్ మగ్గాల షెడ్డులో పనిచేసే లింగానికి కుడిచేతి వేళ్ళు రెండు నలిగిపోయాయి. తెగిన పడుగు పోగు ముడి వేద్దామని ఆగి ఉన్న మగ్గంలో చెయ్యి పెట్టాడు. అవతలి పక్కనున్న మనిషి చూసుకోక బటన్ నొక్కాడు. చెయ్యి లోపల ఉందో లేదో కనిపెట్టడానికి ఆ మగ్గానికి ఒక కన్ను ఉంది. చెయ్యి అడ్డం ఉన్నంతసేపూ ఎవరు బటన్ నొక్కినా మగ్గం కదలకూడదు. కదిలింది. ఆ మగ్గం కింద చమ్కీ టేపు ముక్క ఒకటి దొరికింది. అస్తమానం పని ఆగిపోతోందని విసుక్కునేవాళ్ళు ఆ మెరిసే టేపు కంటి ముందు అంటించి దాన్ని ఏమార్చడం ఆ గల్లీలో కొత్తేమీ కాదు. ఇంకేముంది, టేపు లింగమే పెట్టాడని సేఠ్ తేల్చేశాడు. టేపు పెట్టినవాణ్ణి ఆ గల్లీలో ఏ షెడ్డూ గుమ్మం ఎక్కనివ్వదు. చీరల ఊళ్ళో చమ్కీ టేపు ముక్క పడి ఉండని నేల ఎక్కడుందయ్యా అని అడిగిన పుణ్యాత్ముడు లేడు.

అడిగింది ఒక్క మౌక్తిక. లింగం ఆమెకు సొంత మేనమామ. ఆ మగ్గాన్ని ఆపాల్సిన పెట్టె తయారుచేసే చిన్న కంపెనీలో ఆమె ఇంజనీరు. అదీ ఇరకాటం. షెడ్డుకు వెళ్ళి చూస్తే కంటి వైరు పిన్నులోంచి ఊడి వేలాడుతోంది. ఆఫీసుకు వచ్చి, బల్ల మీద అలాంటి పెట్టెనే పెట్టి, కంటి వైరు పీకేసి బటన్ నొక్కింది. తిరగకూడని మోటారు తిరిగింది.

సరిగ్గా అప్పుడే భీమశంకరం గారు చేతిలో ఖమణ్ పొట్లంతో, అదే, ఆవిరి మీద ఉడికించిన శనగపిండి ముక్కలతో, లోపలికి వచ్చారు. కంపెనీ ఆయనదే. హజీరాలో పెద్ద ఫ్యాక్టరీ ఉద్యోగం వదులుకుని, ఎనిమిది మందితో ఈ దుకాణం పెట్టుకున్న గోదావరి మనిషి. సోమవారం పొద్దున్నే అందరికీ ఖమణ్ తేవడం ఆయన పెట్టుకున్న ఆచారం. పచ్చిమిరపకాయలు మాత్రం ముందే ఏరుకుని తినేస్తారు, అది వేరే సంగతి.

"ఆపమ్మా, ఎందుకు ఊరికే తిప్పుతున్నావ్?" అన్నారు.

"ఆగట్లేదు సార్. కంటి వైరు పీకేశాను. అయినా తిరుగుతోంది."

ఆయన పొట్లం పక్కన పెట్టారు. మోటారు ఆపి, వైరు మళ్ళీ తగిలించి, కంటి ముందు చెయ్యి పెట్టి బటన్ నొక్కారు. కదల్లేదు. "చూశావా, బాగానే ఉంది" అన్నట్టు ఆమె వైపు చూశారు. ఆమె వైరు వైపు వేలు చూపించింది. ఆయన వైరు పీకి మళ్ళీ నొక్కారు. మోటారు తిరిగింది. ఇంకోసారి నొక్కారు. ఇంకోసారి తిరిగింది. మూడోసారి నొక్కబోయి వేలు వెనక్కి తీసుకున్నారు.

"కన్ను దగ్గరనుంచి కబురు రాకపోతే మగ్గం కదలకూడదు. ఆ రూలు నేనే రాశాను మౌక్తికా."

"ఉంది సార్. ప్రోగ్రాంలో ఉంది, చదివాను. పెట్టెలోకి రాలేదు."

ఇక్కడ ఈ విద్య తెలియని మనబోటి వాళ్ళ కోసం కాస్త ఆగాలి. మనిషి రాసిన ప్రోగ్రాం మనిషి భాషకు దగ్గరగా ఉంటుంది. దాన్ని యంత్రానికి వంటబట్టేలా మార్చిపెట్టేది కంపైలరు. ఎలా మార్చాలో దానికి చెప్పే సూచనలను ఫ్లాగులంటారు. త్వరగా పనిచేసేలా మార్చు అని ఒకటి, ఫలానా రూలు కూడా కలుపు అని ఒకటి. ఆ ఫలానా ఫ్లాగు ఉంటేనే కంపైలరు ఆ రూలును కలుపుతుంది. లేకపోతే ఆ నాలుగు పంక్తులూ కళ్ళెదుట ఉన్నా పరాయివాళ్ళ పెళ్ళి పందిరి దాటినట్టు దాటిపోతుంది. కన్ను మూగబోయిన మగ్గం కదలకూడదన్న రూలు అలాంటిదే. కన్ను లేని పాత మగ్గాలకు ఆ రూలు అక్కర్లేదు కనుక దాన్నొక ఫ్లాగుకు కట్టి ఉంచారు.

పెట్టెలో ఉండే ప్రోగ్రాములు చాలా. నేసిన బట్ట లెక్కపెట్టేది ఒకటి, తెర మీద డిజైను చూపేది ఒకటి, మగ్గాన్ని ఆపేది ఒకటి, ఇలా. అన్నిటికీ కలిపి మేక్‌ఫైలు అనే ఒకే ఫైలు. అందులో పైన ఉమ్మడి వరుస ఒకటి, అందరికీ వర్తించే ఫ్లాగులు దాన్లో ఉంటాయి. ఏ ప్రోగ్రాముకైనా ప్రత్యేకంగా ఏదైనా కావాలంటే దాని పేరుతో వేరే వరుస రాసుకోవచ్చు. ఇంతవరకూ బాగానే ఉంది.

మౌక్తిక ఆ ఫైలు తెరిచి తెర ఆయన వైపు తిప్పింది. ఉమ్మడి వరుసలో ఆ రూలు తాలూకు ఫ్లాగు నిక్షేపంలా ఉంది. కిందికి వెళితే, ఇన్ని ప్రోగ్రాముల్లోకీ ఒక్క ఆపే ప్రోగ్రాముకే సొంత వరుస ఉంది. దాంట్లో ఉన్నది ఒకే ఒక్క ఫ్లాగు. తొందరపడొద్దు, రాసింది రాసినట్టు మార్చు, అంతే.

"ఇది నేను పెట్టిందే" అన్నారు భీమశంకరం గారు, ఆమె అడగకముందే. "కొత్త కంపైలరు వేసినప్పుడు అన్నిటినీ వేగం చేద్దామన్నారు మీరంతా. సరేనన్నాను. కానీ వేగం కోసం కంపైలరు లోపల అటుదిటు ఇటుదటు సర్దుతుంది కదా. మగ్గం ఆపే ప్రోగ్రాముతో మాత్రం ఆటలొద్దు అనిపించింది. అక్కడ మనుషుల చేతులుంటాయి. అందుకే దీనికొక్కదానికీ వేరే వరుస పెట్టాను. భయం కొద్దీ పెట్టానమ్మా."

"తెలుసు సార్."

"ఉమ్మడి వరుస దీనికీ వస్తుంది, పైన నాదొకటి కలుస్తుంది అనుకున్నాను."

"రాదు సార్. సొంత వరుస ఉన్న ప్రోగ్రాము ఉమ్మడి వరుస వైపు ఇక చూడదు. ఉమ్మడిది కూడా కావాలంటే దాని పేరు మళ్ళీ ఇందులో రాసి పిలవాలి."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆ తర్వాత, ఎవరికో చెప్పుకుంటున్నట్టు, "మా ఇంట్లో జబ్బుమనిషికి ప్రత్యేకంగా వండుదామని మా అమ్మ వేరు పొయ్యి పెట్టేది. ఉమ్మడి వంటలో ఉప్పు వేశాం కదా అని ఈ గిన్నెలో వెయ్యడం మర్చిపోయేది" అన్నారు. నవ్వబోయారు. రాలేదు.

ఒక మనిషి నిర్లక్ష్యంతో తప్పు చేస్తే తిట్టిపోయొచ్చు. కడుపులో పెట్టుకుని కాపాడబోయి చేసిన తప్పును ఏం చేస్తాం? మౌక్తికకు ఆయన మీద కోపం రావాలి. మామ వేళ్ళు గుర్తొచ్చి వచ్చింది కూడా. కానీ ఆ కోపం ఆయన మొహం చూసేసరికి నిలబడలేదు. ఆమె ఆ సొంత వరుసలో ఉమ్మడి వరుస పేరు చేర్చింది. మళ్ళీ కంపైల్ చేసి కొత్త ప్రోగ్రామును ఇంకో పెట్టెలోకి ఎక్కించింది. వైరు పీకి బటన్ నొక్కింది. మోటారు కదల్లేదు. ఇంకోసారి నొక్కింది. కదల్లేదు. తెర మీద మాత్రం కన్ను పలకడం లేదని ఎర్రగా వచ్చింది.

పెద్ద చదువులు చదివిన పిల్ల, బల్ల మీద తల పెట్టి ఏడ్చింది. సంతోషంతోనే లెండి.

కళ్ళు తుడుచుకుని వరండాలోకి పరుగెత్తి తల్లికి ఫోన్ చేసింది. భాగ్యలక్ష్మి కోసాడ్ పేదల క్వార్టర్స్‌లో నేల మీద చీర పరుచుకుని రాళ్ళు అంటిస్తోంది. జిగురు వేళ్ళతో ఫోన్ ఎత్తడం ఆమెకు చిరాకు.

"ఏందే, పని గంటల ఫోను?"

"అమ్మా! మామది తప్పు లేదమ్మా! పక్కా! వైరు ఊడింది, పెట్టె కనిపెట్టలేదు. నా కళ్ళతో చూసిన. టేపూ లేదు ఏం లేదు!"

"నిజమా బిడ్డా?" భాగ్యలక్ష్మి చీర పక్కకు నెట్టింది. "ఆస్పత్రికెళ్ళి వచ్చిన కాడికెల్లి వాడు గోడ దిక్కు తిరిగి పండుతుండే. తిండి లేదు, మాట లేదు. టేపు పెట్టెటోళ్ళతోని కొట్లాడిన మనిషి వాడు. వాన్నే టేపు పెట్టినవంటే పానం ఎట్లుంటది? ఇగ లేస్తడు. ఇగ లేస్తడు నా తమ్ముడు."

"నాలుగింటికి షెడ్డు కాడ అందరూ కూర్చుంటున్నరు కదా. మామను తీస్కొని రా. మా సార్ వస్తడు, చెప్తడు."

"ఏమని చెప్తడు?"

"మా పెట్టెలో గడ్‌బడ్ ఉందని."

"మీ పెట్టెలనా? అంటే తప్పు మీ కంపెనీదా?"

"అవునమ్మా."

"మరి గిట్ల నలుగుట్ల చెప్పినంక మీ కంపెనీ ఉంటదా? నీ నౌకరీ?"

"ఉంటే ఉంటది, పోతే పోతది. ఛోడో అమ్మా! మామ పేరు నిలబడుతది, అది చూడు."

మౌక్తిక నవ్వుతూ అంది ఆ మాట. అంత తేలిగ్గా అనకుండా ఉంటే బాగుండేది. రాళ్ళు అంటించి అంటించి కళ్ళు పాడుచేసుకుని కూతుర్ని చదివించిన మనిషితో నౌకరీ పోతే పోతుందని నవ్వుతూ చెప్పకూడదు. ఆ సంగతి సాయంత్రానికి గానీ ఆ పిల్లకు తెలిసిరాలేదు. "సరే, తోల్కొస్త" అని భాగ్యలక్ష్మి ఫోన్ పెట్టేసింది.

లోపల భీమశంకరం గారు ఖమణ్ ముట్టలేదు. పచ్చిమిరపకాయలు కూడా అలాగే ఉన్నాయి.

"కూర్చోమ్మా" అన్నారు. "ఓంప్రకాష్ నన్ను ఎందుకు పిలిచాడో తెలుసుగా. పెట్టె బాగానే ఉందని గల్లీ సేఠ్‌లందరి ముందూ నా నోట చెప్పించడానికి. వాళ్ళందరి షెడ్లలోనూ మన పెట్టెలే. తప్పు మనదని చెప్పానంటే పొద్దు గుంకేలోగా అన్నీ ఊడబీకి తెచ్చి మన గుమ్మంలో పోస్తారు. మనం ఎనిమిది ఇళ్ళవాళ్ళం."

"ఇంకో షెడ్డులో ఇంకో వైరు ఊడితే సార్?"

"ఆ పాపం మాత్రం మూటగట్టుకోను. కొత్తది ఈ రోజే అన్ని పెట్టెల్లోకీ ఎక్కిద్దాం. మామూలు సర్వీసింగ్ అని చెప్పి."

"మరి మా మామ?"

ఆయన కిటికీ వైపు చూశారు. "ఆస్పత్రి ఖర్చు నాది. ఎన్నాళ్ళైనా సరే. ఇంకెక్కడైనా పని కూడా నేనే చూస్తాను."

ఈ మనిషి మౌక్తికకు పని నేర్పాడు. ఇంటర్వ్యూలో మిగతా కంపెనీలన్నీ కోసాడ్ అడ్రసు చూసి పెదవి విరిస్తే, ఈయన మాత్రం "మీ ఇంట్లో మగ్గం ఉండేదా? అయితే నాకంటే నీకే బాగా తెలుసు" అని ఉద్యోగం ఇచ్చాడు. ఆయనను ఎదిరించి మాట్లాడడం ఆమెకు ఇదే మొదలు.

"మామ షెడ్డులో కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజే ఒక మాట చెప్తాడు సార్. కంటికి టేపు పెట్టకండి, మీ చెయ్యి మీరే అమ్ముకున్నట్టు అని. ఆ మాట చెప్పినందుకు తోటివాళ్ళు కోడిపెట్ట అని వెక్కిరించేవాళ్ళు. అలాంటి మనిషిని ఇప్పుడు టేపు లింగం అంటున్నారు. వేళ్ళు ఎలాగూ మునుపటిలా రావు. పేరన్నా రానివ్వండి సార్."

భీమశంకరం గారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. పాత పెట్టె, కొత్త పెట్టె రెండూ తీసి తన సంచిలో పెట్టుకున్నారు.

"నువ్వు అక్కడ నోరు విప్పకు. నేను చేసింది నా నోటితో నన్నే చెప్పుకోనివ్వు" అన్నారు.

మౌక్తిక నమ్మింది. మనమైనా నమ్ముతాం.

షెడ్డులో గాలికి తేలే నూలు దూది ముక్కులోకి పోతోంది. మాట వినపడాలని మగ్గాలన్నీ ఆపించారు. ఆ గల్లీలో మగ్గాలు ఆగిన నిశ్శబ్దం పండగ రోజు కూడా దొరకదు. ప్లాస్టిక్ కుర్చీల్లో సేఠ్‌లు కూర్చున్నారు, వెనక పనివాళ్ళు నిలబడ్డారు. వాళ్ళ ముందు లింగం వేళ్ళు నలిగిన మగ్గం. దాని కంటి వైరు మళ్ళీ ఎవరో బుద్ధిగా తగిలించి పెట్టారు.

ఆటో దిగి భాగ్యలక్ష్మి, లింగం వచ్చారు. లింగం ఉతికిన చొక్కా వేసుకున్నాడు, గడ్డం గీసుకున్నాడు. కట్టు కట్టిన చెయ్యి గుండెల దగ్గర పెట్టుకున్నాడు. మౌక్తిక ఎదురు వెళ్ళి, "మామా, ఇంక ఫికర్ లేదు" అంది. లింగం ఎడం చేత్తో ఆమె తల నిమిరాడు. స్కూలుకు తీసుకువెళ్ళే రోజుల్లో, అమ్రోలి వంతెన మీద సైకిలు ఆపి తాపీ నదిని చూపించేటప్పుడు ఇలాగే నిమిరేవాడు. కానీ కళ్ళలోకి చూడలేదు. సిగ్గు పడుతున్నాడేమో అనుకుంది. భాగ్యలక్ష్మి కూతురి పక్కనే వచ్చి నిలబడింది.

ఓంప్రకాష్ సేఠ్ చెడ్డవాడేమీ కాదు, తొందర మనిషి. టీ గ్లాసు కింద పెట్టి, హిందీలో నేరుగా విషయంలోకి వచ్చాడు. "భీమశంకర్‌జీ, మీ మాట మీద మాకందరికీ నమ్మకం. మీ పెట్టె బాగుందా లేదా? ఒక్క ముక్క చెప్పండి, ఎవరి పని వాళ్ళు చూసుకుందాం."

భీమశంకరం గారు కుర్చీలోంచి లేచారు. సంచిలో చెయ్యి పెట్టారు. పెట్టె అంచు బయటికి కనిపించింది కూడా.

"సేఠ్‌జీ, ముందుగాల నేను చెప్త" అన్నాడు లింగం.

అందరూ అటు తిరిగారు. లింగం మగ్గం మీద ఎడం చెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. హిందీలో చెబుదామని మొదలుపెట్టి, మాట తడబడి, తెలుగులోనే అనేశాడు. "టేపు నేనే పెట్టిన. పని ఆగుతుందని పెట్టిన. పెట్టె తప్పు లేదు. సార్ తప్పు లేదు. ఎవ్వల తప్పూ లేదు."

పక్కనున్న జాబరు, అంటే పనివాళ్ళ మేస్త్రీ, అది హిందీలో చెప్పాడు. వెనక నిలబడ్డ పనివాళ్ళలోంచి ఎవరో నవ్వారు. కోడిపెట్ట అన్న మాట మౌక్తిక చెవిన పడింది. లింగం తల ఎత్తలేదు.

"ఒప్పుకున్నాడు కదా! మనిషి నిజాయితీపరుడే, ఏదో పొరపాటు చేశాడు" అన్నాడు ఓంప్రకాష్, బరువు దిగినట్టు. "అయినా రూలు రూలే. ఇక ఈ గల్లీలో పని ఉండదు, లింగం. పదండి, మగ్గాలు నడపండి."

భీమశంకరం గారు ఇంకా నిలబడే ఉన్నారు. సగం బయటికి వచ్చిన పెట్టెను చూసుకున్నారు. లింగాన్ని చూశారు. ఆ తర్వాత ఆయన చెయ్యి సంచిలోంచి ఖాళీగా బయటికి వచ్చింది. నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నారు.

ఒక్కో మగ్గమూ మోత అందుకుంది. ఆ పెట్టెల్లో ఒక్కదాంట్లోనూ ఇంకా ఆ రూలు లేదు. పనివాళ్ళు తమ తమ మగ్గాల దగ్గరికి వెళ్ళి, రోజూలాగే లోపలికి చేతులు పెడుతున్నారు. మౌక్తిక "ఆపండి!" అని అరిచింది. ఆ చప్పుడులో అది ఆమెకే వినపడలేదు. మెయిన్ స్విచ్ వైపు పరుగెత్తబోయింది. ఏదో వెనక్కి లాగింది.

ఆమె చున్నీ కొస తల్లి పిడికిట్లో ఉంది.

"ఆగు బిడ్డా" అంది భాగ్యలక్ష్మి, కూతురి చెవి దగ్గరగా వచ్చి. ఆమె కళ్ళు నేల మీదే ఉన్నాయి. "మామ నేను చెప్పుమన్నదే చెప్పిండు."